ఎనభై దాటనివ్వని పెద్దాయన

మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ల్యాప్‌టాప్ ఛార్జర్ మళ్ళీ ఊడి ఉంది.

ఊడటం కాదు. ఎవరో తీసి, వైరు శుభ్రంగా చుట్టి, బల్ల మీద పెట్టారు.

ఆమె వైరు వంక చూసింది, ప్లగ్గు వంక చూసింది, చివరికి పక్క కుర్చీ వంక చూసింది. అందులో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఆమెను ఇంట్లో అందరూ కంగారు అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టిన అక్కకి దండం పెట్టాలి, అంత బాగా అతికింది. పిల్లల గోలలో చదువు సాగక రోజూ ఈ లైబ్రరీకి వస్తోంది. శుక్రవారం ఆన్‌లైన్ పరీక్ష. ఒక ప్రచురణ సంస్థలో అనువాదకురాలి ఉద్యోగం. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ రాయనివ్వరు.

"ప్లగ్గు మీరు తీశారాండీ?"

పెద్దాయన కళ్ళు తెరిచాడు. "ఛార్జింగ్ ఎనభై శాతం దాటిందమ్మా. అస్తమానం నిండా ఎక్కిస్తే బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది."

"నిండా ఎక్కిస్తేనే కదండీ ఎక్కువసేపు వచ్చేది?"

"ఈ పూటకి వస్తుంది. ఏడాది తిరిగేసరికి రాదు."

ల్యాప్‌టాప్ తనది, కరెంటు లైబ్రరీది. మధ్యలో ఈయనకేం పోయింది?

మర్నాడు బ్యాటరీ ఇరవైకి దిగగానే ప్లగ్గు ఆయనే పెట్టాడు.

"మరీ అడుగంటనివ్వకూడదమ్మా."

బల్ల గట్టిగా ఉందని ఆమె ల్యాప్‌టాప్ కింద శాలువా మడిచి వేస్తే, అదీ తీయించాడు.

"కింద గాలి ఆడాలి. వేడి దీనికి పడదు."

ఇదంతా ఒక ఎత్తు. ఆయన ఒక్క పుస్తకమూ ముట్టుకోకపోవడం ఇంకో ఎత్తు. ఆమె టైపు చేస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంటాడు. చేతులు ఆపిందో, టక్కున తెరుస్తాడు.

"ఏమ్మా, ఆపేశావేం?"

నిద్రపోయే మనిషికి తను ఆపిన సంగతి ఎలా తెలుస్తుంది? ఎంత ఆలోచించినా కంగారుకి అంతు చిక్కలేదు. బుర్ర వేడెక్కింది, అంతే.

ఇంటికి వెళ్ళి అక్కతో చెప్పింది.

"ఆయన నీ ల్యాప్‌టాప్ మీద కన్నేశాడే."

"ఈ పాతదాని మీదా? సెకండ్ హ్యాండ్‌ది కదక్కా."

"పాతదో కొత్తదో, పరీక్ష ముందు పోతే నెత్తిన చెయ్యి పెట్టుకుంటావు. లైబ్రేరియన్‌తో చెప్పు."

చెప్పింది. లైబ్రేరియన్ ఆయన్ని పక్కకి పిలిచి ఏదో అన్నాడు. పెద్దాయన వాదించలేదు. ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పొరపాటయిందమ్మా. ఇక రాను."

గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఎండలో మాత్రం పెట్టకు."

పీడా పోయిందనుకుంది. కానీ ఆ రోజంతా పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఎందుకో పని సాగలేదు. ఎనభై దాటగానే ఆమె చెయ్యే వెళ్ళి ప్లగ్గు తీసేసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియలేదు.

శుక్రవారం పరీక్ష సగంలో ఉండగా లైబ్రరీలో కరెంటు పోయింది.

ఫోన్ నెట్‌తో రాస్తోంది కనుక పరీక్ష ఆగలేదు. కానీ ఇక బ్యాటరీ మీదే నడవాలి. ఇదేమో ఎవరో వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్. హాల్లో కొత్త కొత్త ల్యాప్‌టాప్‌లే ఒక్కొక్కటిగా ఆరిపోతున్నాయి. జనం విసుక్కుంటూ సర్దుకుని వెళ్ళిపోతున్నారు.

ఆమెది ఆరలేదు. ఆఖరి వాక్యం రాసి పంపేదాకా నిలబడింది.

ఉద్యోగం వచ్చింది.

ఆ మాట పెద్దాయనకి చెప్పాలని లైబ్రరీ అంతా వెతికింది. ఆయన ఎక్కడుంటాడో లైబ్రేరియన్‌కీ తెలియదు. ఊరికే అనుమానించానే అని ప్రాణం ఉసూరుమంది. ల్యాప్‌టాప్ సంగతైనా తేలుతుందని కొన్న షాపుకి వెళ్ళింది.

"ఇంత పాతదానికి బ్యాటరీ అంతసేపు ఎలా వచ్చిందండీ?"

షాపాయన నవ్వాడు. "నేనూ మొదట్లో నమ్మలేదమ్మా. దాన్ని వాడిన వాళ్ళు అలా చూసుకున్నారు. ఎండలో పెట్టరు, ఎనభై దాటనివ్వరు. తెచ్చి ఇచ్చిన రోజు ఆ పెద్దాయన నాకు కూడా క్లాసు పీకాడు."

"పెద్దాయనా?"

"అవునమ్మా. వాళ్ళమ్మాయికి పుట్టుకతో మాట రాదు. ఏం చెప్పాలన్నా ఇందులోనే టైపు చేసేదట. బ్యాటరీ అయిపోతే ఆ పిల్ల నోరు మూతపడినట్టే. అందుకే ఆయన దీన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు."

"ఇప్పుడా అమ్మాయి..."

షాపాయన తల అడ్డంగా ఊపాడు.

"పోయింది. ఇంట్లో దీన్ని చూడలేక తెచ్చి ఇచ్చేశాడు. నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చి, ఎవరు కొన్నారని అడిగాడు. లైబ్రరీలో చదువుకోవడానికని మీరు అన్నారు కదా, అదే చెప్పాను."

"తిరిగి కావాలన్నాడా?"

"నేనూ అదే అడిగానమ్మా. వద్దు, మా అమ్మాయి మాట్లాడిన చప్పుడు ఆ మీటల్లోనే ఉంది, కాసేపు పక్కన కూర్చుని వినొస్తానన్నాడు."