నీళ్ళడగని మొక్కలు

"ఇదీ చచ్చిపోయింది బాబాయ్ గారూ. పోయినసారి వచ్చినప్పుడు మా ఆయన పీకి తెచ్చాడు," అంటూ కాగితంలో చుట్టి తెచ్చిన బంతి మొక్కని బల్లమీద పెట్టింది షాహీనా. మొక్క వేళ్ళతో సహా ఎండి వరుగైపోయింది.

రంగనాయకులుకి ఒళ్ళు మండింది. అంగలకుదురు రోడ్డు మీద పాతికేళ్ళుగా నర్సరీ నడుపుతున్నాడు. తనని తిట్టినవాణ్ణయినా క్షమిస్తాడుగానీ మొక్కని చంపినవాణ్ణి క్షమించడు. ఈ పిల్ల తెనాలి నుంచి రావడం ఇది నాలుగోసారి.

"మొదట సబ్జా పట్టుకెళ్ళావు, చచ్చింది. తర్వాత గులాబి, అదీ చచ్చింది. ఇప్పుడు బంతి. బంతిని చంపాలంటే మాటలు కాదమ్మా, దానికీ ఓ నేర్పుండాలి! నీళ్ళు పోస్తున్నావా అసలు?"

షాహీనా తల దించుకుంది. "లేదండి."

"లేదా?"

"మా ఆయన లారీ మీద వెళ్తాడండి. పదిహేను రోజులకోసారి వస్తాడు. వచ్చినప్పుడు ఆయనే పోస్తాడు."

"ఓరి నాయనో! విన్నావా ధనమ్మా?" మట్టీ ఎరువూ కలిపి కవర్లకెత్తుతున్న భార్యని కేకేశాడు రంగనాయకులు. "మొగుడు లారీ దిగొచ్చి పొయ్యాలంట నీళ్ళు. ఈవిడగారు మహారాణి!"

"నీ నోటికో దణ్ణం. కొనడానికొచ్చిన పిల్లని ఏడిపించకు. ఏం కావాలో కనుక్కో," అంది ధనమ్మ తలెత్తకుండానే.

"నీళ్ళు పొయ్యకపోయినా బతికే మొక్కలు కావాలండి," అంది షాహీనా గబగబా. "ఎండలు ముదిరిపోతున్నాయి. ఈసారి మాత్రం చావకూడదండి. నాలుగు మొక్కలు చాలు, పచ్చగా ఉంటే అంతే. ఎలా వెయ్యాలో కాగితం మీద గీసివ్వండి. ఎల్లుండి మా ఆయనొస్తున్నాడు, ఆయనకి చూపిస్తా."

అంటూనే ఆ పిల్ల ఎండిన బంతి మొక్కని మళ్ళీ కాగితంలో జాగ్రత్తగా చుట్టింది. రంగనాయకులు కోపం ఓ మెట్టు దిగింది. చెవిమీద పెట్టుకున్న పెన్సిలు తీసి, పాత క్యాలెండరు కాగితం ఒకటి వెనక్కి తిప్పాడు.

"ఎంత స్థలం?"

"పొడుగు మూడున్నర అడుగులండి. వెడల్పు..." చేతులు చాపి చూపించబోయి సగంలోనే దించేసుకుంది. "ఒకటిన్నర."

"ఓస్, ఈ పిడికెడు మడికా ఇంత రాద్ధాంతం! నీడ పడుతుందా?"

"లేదండి. పొద్దస్తమానం ఎండే."

"సరే విను. మధ్యలో బిళ్ళగన్నేరు. మొండిది, ఓ పట్టాన చావదు. చుట్టూ గడ్డిగులాబి. దాని నీళ్ళు దాని ఆకుల్లోనే ఉంటాయి. పైన కొబ్బరిపీచు పరిస్తే తడి ఆరదు. ఈ మూలకి కలబంద..."

"కలబందకి ముళ్ళుంటాయి కదండీ. ముళ్ళు వద్దు."

"కొట్టేశాను. దాని బదులు నందివర్ధనం."

"వేళ్ళు లోతుకి దిగుతాయా అండీ?"

"దిగక, గాల్లో వేలాడతాయా?"

"అయితే అదీ వద్దండి."

రంగనాయకులు పళ్ళు కొరుక్కుంటూ అదీ కొట్టేశాడు. "పోనీ ఓ కిటుకు చెప్తా. చిన్న మట్టికుండ అడుగున బొక్క పెట్టి, గుడ్డపీలిక దోపండి. మడి మధ్యలో మూరెడు లోతు తవ్వి ఆ కుండ పాతండి. ఒకసారి నింపితే వారం రోజులు అదే..."

"తవ్వకూడదు!" అంది షాహీనా. అరిచినట్టే అంది. ధనమ్మ చేతిలో పార ఆగిపోయింది.

రంగనాయకులు పెన్సిలు విసిరికొట్టాడు. "నీళ్ళు పొయ్యవు. ముళ్ళుండకూడదు. వేళ్ళు దిగకూడదు. తవ్వకూడదు. ఇదేం తోటమ్మా తల్లీ! బస్టాండు దగ్గర ప్లాస్టిక్ పూలు అమ్ముతారు, నాలుగు కొనుక్కుని గుచ్చుకో. జన్మలో చావవు!"

"ప్రాణమున్నవే కావాలండి." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ప్రాణం లేనివి ఎందుకండీ."

ధనమ్మకి జాలేసింది. లేచి చేతులు దులుపుకుని, గడ్డిగులాబి కవర్లు నాలుగు ఏరి తెచ్చింది. "ఇవి పట్టుకెళ్ళమ్మా. అన్నీ పసుపచ్చవే, పూస్తే ముద్దొస్తాయి. ఆయన మాటలు పట్టించుకోకు. పిల్లలున్నారా?"

"ఒక్కతే పాపండి. ఆస్మా." వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి ఆ మొహంలో వెలుగు కనిపించింది. "పసుపు రంగంటే దానికి పిచ్చి."

"మరింకేం!" అన్నాడు రంగనాయకులు. మనిషి మంచివాడే, నోరే చెడ్డది. ఇంతసేపూ కసిరానే అని అతనికీ మనసులో పీకుతూనే ఉంది. మొక్కలు సంచిలో సర్దుతూ నవ్వాడు. "నీకు బద్ధకమైతే నీ కూతురికి చెప్పు. చిన్న మగ్గొకటి చేతికిస్తే ఆడుకుంటూ రోజూ పోసేస్తుంది. పిల్లలకి నీళ్ళంటే సరదా కదా. మొక్కంటే పసిబిడ్డేనమ్మా, ఎవరో ఒకరు దగ్గరికెళ్ళి చూసుకోవాలి. కన్నతల్లివి, నీకు నేను చెప్పాలా?"

షాహీనా సంచి అందుకుని గుండెకి హత్తుకుంది.

"ఆ మడి కిందే ఉంది బాబాయ్, మా పాప. రోజూ చెంబుతో నీళ్ళు పట్టుకుని గేటు దాకా వెళ్తున్నా... మాలో ఆడవాళ్ళు ఖబరస్తాన్ లోపలికి పోకూడదు."