ముప్ఫై మూడు గజాలు

కేఫ్ తలుపు తెరుచుకోగానే లోపల మాటలు ఆగిపోయాయి.

ఆ ముఖం ఆదివారం నుంచి ఊళ్లో ప్రతి టీవీలోనూ కనబడుతూనే ఉంది. అతను టోపీ మీది మంచు దులుపుకుని, నేరుగా వెళ్లి అందరికీ కనిపించేలా కౌంటర్ ముందు స్టూల్ మీద కూర్చున్నాడు.

"కాఫీ ఇస్తావా బెర్నడీన్? నాకింకా పోస్తారా ఇక్కడ?"

"పోస్తాం. కప్పులోనా, నెత్తినా అన్నది చెప్పలేను," అంది బెర్నడీన్. ముప్ఫై ఏళ్లుగా ఆ కౌంటర్ ఆమెదే.

రస్ టోర్గర్సన్ సంగతి ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని స్తంభాల మధ్యకి తన్నే కిక్కర్‌గా పదకొండేళ్లు, ఆరు జట్లు. నాలుగుసార్లు ఉద్యోగం ఊడిన కబురు ఫోన్లోనే తెలిసింది. ఖాళీగా ఉన్న రోజుల్లో ఇళ్ల పైకప్పులు వేసే పనికి వెళ్లాడు. స్కూలు మైదానంలో మంచు పారతో తోసుకుని మరీ బంతులు తన్నాడు. చివరికి సొంత రాష్ట్రం జట్టే పిలిచింది. ఊరంతా రస్ పేరున్న చొక్కాలు కొనుక్కుంది.

ఆదివారం ఆటలో నాలుగు సెకన్లు మిగిలాయి. ముప్ఫై మూడు గజాల దూరం. బంతి రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్తే జట్టు ఫైనల్‌కి వెళ్తుంది. అది ఎడమ స్తంభానికి కొట్టుకుని బయటికి పోయింది.

"ముప్ఫై మూడు గజాలు," అన్నాడు మూల బల్ల దగ్గర ఓర్విల్ కూబియాక్. కాగితం మిల్లులో నలభై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. "మా ఆవిడకి తుంటి ఆపరేషనై నెలైంది. ఆవిడైనా కొట్టేది."

"వచ్చే ఏడు ఆవిడకి ఖాళీ ఉందేమో అడగండి. జట్టువాళ్లు వెతుక్కుంటూ ఉండొచ్చు."

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"నవ్వులాటగా ఉందిట్రా? నాకు డెబ్బై ఆరు. ఇంకో ఫైనల్ దాకా ఉంటానో లేదో."

అతను కాఫీ పట్టుకుని వెళ్లి ఓర్విల్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంకేమైనా ఉంటే అనేయండి. అనిపించుకోడానికే వచ్చాను."

ఓర్విల్ పది నిమిషాలు అన్నాడు. తర్వాత మంగలి డ్వేన్ అందుకున్నాడు, ఆ తర్వాత చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ. అతను ఒక్కటీ కాదనలేదు. గాలి వంక చెప్పలేదు, తన్నడానికి బంతిని నిలబెట్టి పట్టుకున్నవాడి మీదకు నెట్టలేదు. మధ్యలో కాఫీలో రెండు చెంచాల పంచదార వేసుకున్నాడు.

"నువ్వు పంచదార వేసుకోవుగా నాయనా?" అంది బెర్నడీన్.

"తిట్లు చాలా చేదుగా ఉన్నాయి. కాఫీ కూడా అయితే తట్టుకోలేను."

ఈసారి ఇద్దరు ముగ్గురు పైకే నవ్వారు.

"నా బండిలో బంతి ఉంది," అన్నాడు డ్వేన్. "ఆ పెట్రోలు బంకు బోర్డు మీదుగా కొట్టు చూద్దాం."

"నన్నొదిలేయండి. ఇంకో కిక్కు పోతే ఊరొదిలి పారిపోవాల్సిందే."

కేఫంతా నవ్వింది. ఓర్విల్ మాత్రం అతని ముఖంలోకి చూస్తున్నాడు.

"నిద్ర పడుతోందా?"

"ఆ ఇంట్లో నాలుగు రోజులుగా ఎవరికీ లేదు."

ఓర్విల్ గడ్డం గోక్కున్నాడు. "తొమ్మిదో తరగతిలో ఒకసారి బంతి మా వంటింటి కిటికీలోకి వచ్చింది, గుర్తుందా? ఎంత దూరం నుంచి కొట్టావురా అది."

"గుర్తుంది. కొత్త అద్దం నేనే కదా బిగించింది."

"బిగించక? పగలగొట్టినవాడే బిగించాలి." ఓర్విల్ తన పళ్లెంలోని 'చెర్రీ పై' మిఠాయి ముక్కని అతని వైపు జరిపాడు. "తిను. రేపు శుక్రవారం, చర్చి హాల్లో చేపల వేపుడు విందు. వచ్చి నా పక్కన కూర్చో. ఎవడు నోరెత్తుతాడో చూస్తాను."

అతను ఆ ముక్క మొత్తం తిన్నాడు. వెళ్లేటప్పుడు బెర్నడీన్ డబ్బులు తీసుకోలేదు.

ఇంటికి వెళ్లి, కర్టెన్లు వేసిన గదిలో నాలుగు రోజులుగా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాణ్ని తట్టి, "లేరా రస్, ఊరు కోపమంతా నా మీద తీర్చుకుంది, రేపు చేపల విందుకి నువ్వే వెళ్లు," అన్నాడు, ఓరెగాన్ నుంచి రెండు రోజులు కారు నడుపుకుంటూ వచ్చిన అతని కవల అన్న.