లెక్కల అంకుల్

స్కూలు నుంచి ఫోన్ వచ్చేసరికి హైమావతి సింగపూర్ చాంగీ బిజినెస్ పార్కులో, ఆఫీసు మీటింగులో ఉంది.

"మీ అమ్మాయి తన్మయి ఇవాళ కూడా రాలేదు మేడం. వరసగా మూడో రోజు."

పొద్దున్నే యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని, బై చెప్పి మరీ వెళ్ళిన పిల్ల!

ఎక్స్‌పో స్టేషన్లో రైలెక్కి తాముండే హౌగాంగ్‌లో దిగేదాకా ఆమె మొక్కని దేవుడు లేడు.

పిల్ల ఎక్కడికీ పోలేదు. తమ ఫ్లాట్ దగ్గర, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్లోనే, ఫ్యాను కింద తీరిగ్గా కూర్చుంది. ఎదురుగా, అక్కడ టేబుళ్ళు తుడిచే ముసలాయన. మధ్యలో లెక్కల పుస్తకం, రెండు గ్లాసుల టీ. పెన్సిల్ ముసలాయన చేతిలో ఉంది.

హమ్మయ్య, కనబడింది అనుకుంది హైమావతి. ఆ వెనకే ఒళ్ళు మండిపోయింది.

"స్కూలు ఎగ్గొట్టి ఇక్కడ వెలగబెడుతున్న రాచకార్యం ఏంటే?"

"స్కూల్ బోరింగ్ లా మమ్మీ. డైలీ టెస్ట్, డైలీ మార్క్స్. ఐ గో ఆర్ డోంట్ గో, సేమ్" అంది తన్మయి, ఇక్కడి పిల్లలందరిలాగే మాటల్లో "లా" కలిపేస్తూ.

"సేమా? మూడు ట్యూషన్లు పెట్టించింది ఈ మాట వినడానికా?"

తన్మయి తల వంచుకుంది. సెకండరీ టూలోకి, అంటే మన ఎనిమిదో క్లాసులోకి, వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. బతిమాలారు, తిట్టారు, ఫోన్ లాక్కున్నారు. పిల్లలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక దీని చదువు అటకెక్కినట్టేనని హైమావతికి ఒకటే బెంగ.

ఆ బెంగంతా కోపమై ముసలాయన మీద పడింది.

"మీకైనా ఉండక్కర్లేదా అంకుల్? బడి మానేసిన పిల్లని కూర్చోబెట్టుకుని కబుర్లా?"

"తప్పే అమ్మా. బడికి పొమ్మనే చెప్తా ఉండాను."

తమిళం యాస ఉన్నా, అచ్చంగా తెలుగే. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి కాబోలు. ఇంకో రోజైతే హైమావతి ఆగి, మీదే ఊరని అడిగేదే. ఆ రోజు మాత్రం తిన్నగా సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి ఫిర్యాదు చేసింది.

వారం తిరక్కుండానే ఆయన్ని ఆంగ్ మో కియోలోని హాకర్ సెంటర్‌కి మార్చేశారు.

చిత్రం చూడండి, తన్మయి మళ్ళీ స్కూలుకి వెళ్ళడం మొదలెట్టింది. ఒక్క రోజు మానలేదు.

"గట్టిగా ఒక్కసారి అరిస్తే చాలు, దారికొచ్చేస్తారు" అన్నాడు భర్త సుధాకరరావు, ఆ అరిచిందేదో తనే అయినట్టు.

మూడు నెలల తర్వాత లెక్కల టీచరు వాళ్ళిద్దరినీ పిలిచి కూర్చోబెట్టింది.

"మార్కుల సంగతి అలా ఉంచండి. క్లాసు అయిపోయాక కూడా మీ అమ్మాయి నన్ను వదలట్లేదు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో సులువుగా చెప్పమని ప్రాణం తోడేస్తోంది. ఏ ట్యూషనండీ?"

హైమావతికి గుండెల మీంచి పెద్ద బండ దింపినట్టయింది. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది. ఆ మూడు ట్యూషన్లూ తన్మయి మానేసి రెండు నెలలయింది మరి!

ఇంటికొచ్చాక నిలదీసింది.

"నిజం చెప్పు. ఎవరి దగ్గరికి వెళ్తున్నావే?"

"గణపతి అంకుల్ దగ్గరికి. ట్యూస్‌డే, థర్స్‌డే. ఆంగ్ మో కియో."

"లైబ్రరీ అన్నావు కదే!"

"చెప్తే నువ్వు మళ్ళీ కంప్లైంట్ చేస్తావ్ లా."

హైమావతికి ముసలాయన చేతిలోని పెన్సిల్ కళ్ళముందు మెదిలింది. ఏ బళ్ళోనో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి, కాలం కలిసిరాక గుడ్డ పట్టుకున్న మాష్టారై ఉంటాడు. అంతటి మనిషిని నోటికొచ్చినట్టు అని, ఉన్నచోటు నుంచి కూడా తరిమేసింది. ఛీ, ఏం పాపిష్టి పని!

గురువు కనబడితే మనవాళ్ళ చేతులు ఊరుకుంటాయా? లిటిల్ ఇండియాకి పరిగెత్తి శాలువా, పళ్ళూ కొనుక్కొచ్చింది.

"దండ కూడా తెద్దామా?" అన్నాడు సుధాకరరావు.

"చికెన్ రైస్ కొట్టు ముందు దండేంటండీ, మీ మొహం!"

గురువారం సాయంత్రం ముగ్గురూ ఆంగ్ మో కియో వెళ్ళారు. గణపతి పని ముగించుకుని, ఇంకెవరూ కూర్చోకుండా మూల టేబుల్ మీద గుర్తుగా టిష్యూ పొట్లం పెట్టి, ఎదురుచూస్తున్నాడు. హైమావతి తిన్నగా వెళ్ళి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టేసింది.

"క్షమించండి మాష్టారూ. తెలియక నోరు జారాను. మా పిల్ల మళ్ళీ చదువుకుంటోందంటే మీ చలవే."

సుధాకరరావు శాలువా విప్పాడు. నూడుల్స్ తింటున్నవాళ్ళు చాప్‌స్టిక్స్ ఆపేసి మరీ చూస్తున్నారు.

"ఐయయ్యో, నాకెందుకు సార్ ఇది?" గణపతి రెండడుగులు వెనక్కి వేశాడు.

"లెక్కలు నేర్పిన గురువుగారికి కాక ఇంకెవరికండీ!"

గణపతి తన్మయి వంక చూశాడు. తన్మయి నాలిక కరుచుకుని చూపు తిప్పుకుంది.

ఆయన నవ్వుతూ శాలువా అందుకుని, తన్మయి భుజాల చుట్టూ కప్పాడు.

"పన్నెండేళ్ళకే బడి వద్దని పారిపోయినోణ్ణి అమ్మా నేను" అన్నాడు. "'నువ్వు స్కూలుకి పోకుంటే నేను నీ దగ్గర చదవను' అని పాపని బెదిరించింది నిజమే గాని, ఈ ఏడు నేను రాయబోయే పరీక్షకి నాకు లెక్కలు నేర్పిస్తా ఉండే టీచరు ఈ పాపే."