మాజీ మొగుడి నెత్తురు

"వేలు చాపు," అంటూ ల్యాబ్ టెక్నీషియన్ మాస్కు కిందికి లాగింది.

కుర్చీలో మనిషి సగం పైకి లేచాడు. "నువ్వా! ఇక్కడ పనిచేస్తున్నావా?"

"నేనే. నువ్వు వదిలేసిన పెళ్లాన్ని."

ఎనిమిదేళ్లనాటి కడుపుమంట! ఊరంతా తిరిగొచ్చి, అదేమని నిలదీస్తే తనకే అనుమానపు జబ్బని నలుగురిలో నవ్వులపాలు చేసినవాడు. ఇవాళ వాడంతట వాడే నడిచొచ్చి చేతికి చిక్కాడు. ఇంక వదులుతుందా?

"బయట కూర్చున్నావిడ ఎవరు?"

"నేను చేసుకోబోయే ఆవిడ. సుఖవ్యాధుల పరీక్ష చేయించుకుంటేనే పెళ్లంది. ఒకప్పుడు చెడతిరిగిన మాట నిజమే, ఆ భయంతోనే ఆర్నెల్లకోసారి చేయించుకుంటున్నా. అయినా వినదే!"

"ఈ కబుర్లు ఆవిడకి చెప్పుకో, నాక్కాదు." సూది కావాలనే గట్టిగా దింపింది.

"అబ్బా! చంపేస్తావా ఏంటి?"

"చావవులే. నీ పెళ్లి పెటాకులవుతుంది, అంతే."

అతను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పగ పెట్టుకుని దొంగ రిపోర్టు ఇవ్వవని నమ్మకమేంటి?"

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. "అలాగా! అయితే ఆవిణ్ణి కూడా పిలు. నా రక్తం కూడా పక్కనే వేస్తా. పరీక్ష పట్టీలు రెండూ ఒకే డబ్బాలోవి. ఒక గీతొస్తే ఏమీ లేనట్టు, రెండొస్తే సిఫిలిస్ ఉన్నట్టు. నాది శుభ్రంగా వచ్చాక నీది చూసుకుని ఏడు."

"అంత ధైర్యమా?"

"ఉద్యోగంలో చేరినప్పుడు చేయించుకున్నా, ఏమీ లేదు. రెండేళ్లయింది. నీ తర్వాత చేసుకున్న మా ఆయన తప్ప ఇంకో మగాడి గాలి కూడా సోకనిదాన్ని, నాకెందుకు భయం?"

వచ్చినవాళ్లందరికీ ఏటేటా చేయించుకోమని చెప్పే మనిషే. తనకి మాత్రం ఆ అవసరం లేదనుకుంది.

కాబోయే పెళ్లికూతురు లోపలికొచ్చింది. ఆవిడ కళ్లముందే టెక్నీషియన్ అతని రక్తం ఒక పట్టీ మీద వేసి, తన వేలు గుచ్చుకుని రెండోదాని మీద చుక్క వేసి, రెండు పట్టీల కిందా పేర్లు రాసింది. పదిహేను నిమిషాలు ఆగాలి. ఈలోగా ఫోన్ మోగింది.

"క్యాంపు ఇంకో రెండ్రోజులు పొడిగించారు బంగారం. వేళకి తిను," అన్నాడు మొగుడు.

"అలాగేనండీ, మీరూ జాగ్రత్త." ఫోన్ పెట్టేసి, మాజీ మొగుడికి వినపడేలా అంది, "మొగుడంటే అలా ఉండాలి."

టైమర్ మోగింది. ఆమె బల్ల దగ్గరికి పోనైనా పోలేదు. చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. "నేను ముట్టుకోను. మార్చేశానంటాడు. మీరే చూసి చెప్పండమ్మా."

ఆవిడ వంగి చూసింది. మొహం పాలిపోయింది.

"ఒకదాని మీద రెండు గీతలున్నాయండీ."

"చెప్పానా!" ఎనిమిదేళ్ల కసి ఒక్కసారిగా పకపకా నవ్వింది. "పరమ నీచుడమ్మా వీడు! మీ అదృష్టం బాగుంది, పెళ్లికి ముందే బయటపడింది. ఇటునుంచి ఇటే ఇంటికెళ్లిపోండి."

ఆవిడ కదల్లేదు.

"అది మీ పట్టీ అండీ."