మూడేళ్లు తెరవని బానెట్

"ఏయ్, ఎవరయ్యా నువ్వు? నా కారులో ఏం చేస్తున్నావ్?"

డోరా టీచర్ కేకకు చర్చి వాచ్‌మన్ యేసురాజు గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు.

లోపల ఆదివారం ప్రసంగం నడుస్తోంది. ఆడపడుచు మేబెల్ మాత్రలు కారులో మరిచిపోయి, తీసుకెళ్దామని డోరా బయటికొచ్చింది. చూస్తే తన పాత ఫియట్ బానెట్ తెరిచి ఉంది. దాని కింద నుంచి ఒక ముసలాయన తల బయటికి తీశాడు. చేతిలో స్పార్క్ ప్లగ్గు, భుజం మీద మసిగుడ్డ.

"ప్లగ్గుకు మసి పట్టిందమ్మా. తుడుస్తున్న."

"తుడవమని నిన్నెవరు అడిగారు?"

ఆయన ప్లగ్గు బిగించి, వెనక సీటులో ఉన్న కొత్త ఆయిల్ డబ్బా వైపు చూశాడు.

"అమ్మా, గా సింథటిక్ ఆయిల్ ఈ బండ్ల పొయ్యకున్రి. పాత ఇంజన్. లోపల పేరుకున్న మడ్డే సందులు మూసి పెట్టింది. గా పల్చటి ఆయిల్ మడ్డంతా కడిగేస్తది. ఇగ ఆయిల్ నిలవదు."

"చాల్లే! సామాను ఊడదీసుకుపోయే పాత సామాను బేరగాడివి కదూ? యేసురాజూ, ఈయన మళ్లీ ఈ గేటు లోపల కనిపిస్తే నీ ఉద్యోగం ఉండదు."

యేసురాజు ఏదో చెప్పబోయాడు. ఉద్యోగం మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ముసలాయన చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

డోరా అసలే అలసిపోయిన మనిషి. బడిలో అరవై మంది పిల్లలు, ఇంట్లో కిడ్నీలు పాడైన మేబెల్. భర్త రిచర్డ్ ఒక పొద్దున గుండెనొప్పితో పోయి మూడేళ్లయింది. ఆయన చెల్లెల్ని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోవాలంటే ఆ కారే దిక్కు. తిరిగొచ్చేటప్పుడు మేబెల్ కూర్చోలేదు, వెనక సీటులో పడుకోవాలి. ఆటోలో అది కుదరదు.

కారు సంగతులన్నీ రిచర్డే చూసుకునేవాడు. ఆయన పోయాక డోరా దాన్ని ఏ మెకానిక్కుకూ చూపించలేదు. పెట్రోలు పోయించడం, నడపడం, అంతే. అయినా అది ఒక్కరోజూ మొరాయించలేదు. చర్చిలో కృతజ్ఞత కూటం జరిగినప్పుడు లేచి సాక్ష్యం కూడా చెప్పింది.

"మూడేళ్లుగా నేను బానెట్ తెరవలేదు. నా కారును దేవుడే నడిపిస్తున్నాడు."

సంఘమంతా ఆమేన్ అంది.

సింథటిక్ ఆయిల్ పోసి కొత్త ప్లగ్గులు వేయిస్తే పాత బండికి ప్రాణం లేచొస్తుందని స్టాఫ్‌రూములో ఎవరో చెప్పారు. అందుకే డోరా ఆ డబ్బా కొంది. ఆ గొడవ మర్నాడు, సోమవారం బడి అయ్యాక రెండు పనులూ చేయించింది.

నిజంగానే కారు వయసు పదేళ్లు తగ్గింది. తాళం తిప్పగానే స్టార్ట్. రెండు వారాలు మురిసిపోయింది. మూడో వారం గుమ్మం ముందు నేల మీద నల్లటి చుక్కలు కనిపించాయి. ఆ తర్వాత వెనక నుంచి నీలం పొగ. చూపిద్దాంలే అనుకుంది గాని, ఆ ఓపిక ఎక్కడిది?

ఐదో వారం, ఆస్పత్రి నుంచి వస్తుంటే, క్లాక్ టవర్ దగ్గర కారు కీచుమని ఆగిపోయింది.

వెనక సీటులో మేబెల్ కళ్లు తెరవకుండానే అడిగింది. "వదినా, ఇల్లొచ్చిందా?"

డోరాకు ఏడుపొచ్చింది.

మెకానిక్ జకర్యా వచ్చి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూపించాడు. చుక్క లేదు.

"ఇంజన్ సీజై పట్టేసింది టీచరమ్మా. ఇగ లాభం లేదు. అయినా ఇది ఎన్నేండ్ల సంది నెలకు లీటర్ ఆయిల్ తాగుతున్నదో! ఎవరు పోస్తుండె?"

"ఎవరూ పోయలేదే!"

"గట్లెట్ల? పొయ్యకుంటే మూడు నెలలు సుత నడవదు."

డోరాకు బానెట్ కింది ముసలాయన గుర్తొచ్చి, యేసురాజు దగ్గరికి పోయి నిలదీసింది. వాడు తల వంచుకున్నాడు.

"ప్రతి ఆదివారం ప్రసంగం షురూ కాంగనే వస్తుండె టీచరమ్మా. సీసల ఆయిల్ తెచ్చి పోసేటోడు, ప్లగ్గులు తుడిసేటోడు. మీరే పెట్టుకున్నరనుకున్న. ఆ దినం చెప్పబోయిన గాని, నౌకరీ పోతదని భయమైంది. పేరు బ్రహ్మచారి. బన్సీలాల్‌పేట్‌ల ఉంటడు."

సాయంత్రమే డోరా ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. ఒంటిగది ఇల్లు. బ్రహ్మచారి భార్య దేవమ్మ గడపలో కూర్చుని, మోండా మార్కెట్‌కు వేసే కొత్తిమీర కట్టలు కడుతోంది.

"ఆయన లేడమ్మా. కాలం జేసి పదిహేను దినాలాయె. మీరెవరు?"

డోరా తానెవరో చెప్పింది. క్షమాపణ అడగడానికి వచ్చానంది.

"రిచర్డ్ సార్ ఇంటామెనా?" దేవమ్మ కట్టలు పక్కకు జరిపి చోటిచ్చింది. "సార్ బండి పని ఎప్పుడూ మా ఆయనే చేసేటోడమ్మా."

"మరి మా ఇంటికి ఎప్పుడూ రాలేదే? పోయిన నెల కూడా ఆ మాట నాతో అనలేదు."

"ఏ మొఖం పెట్టుకొని అంటడు? సార్‌కు గుండెల నొప్పొచ్చిన పొద్దున బండి స్టార్ట్ కాలేదంట గదా. ఆటో దొరికేసరికి ఆలస్యమాయెనంట. ముందురోజే ఆ బండికి ప్లగ్గులు మార్చిండు. నేను సరిగ్గ బిగియ్యలే, సార్‌ను నా చేతులతోనే చంపిన అని మూడేండ్లు ఒకటే ఏడుపు. పోయే దినం సుత గదే మాట."

డోరా ఒక కొత్తిమీర కట్ట విప్పి, మళ్లీ కట్టింది.

బ్రహ్మచారి బిగించిన ప్లగ్గుల్లో తప్పేమీ లేదని, కంగారులో చోక్ లాగి, యాక్సిలరేటర్ తొక్కి తొక్కి, వాటిని పెట్రోలుతో తడిపేసి బండిని కదలకుండా చేసింది తనేనని, అవి ఆరాక ఆ సాయంత్రం అదే కారు ఒక్క తిప్పుకే స్టార్టయిందని, డోరా ఇంతవరకు ఏ ఒక్కరికీ చెప్పలేదు.