గాలివాటం మందు

వాడిపోయిన సొరతీగను చేత్తో పట్టుకుని ఆవిడ పక్కింటి పళ్లడాక్టరు తలుపు దబదబా బాదింది.

"నీ పచ్చికలో కలుపు చావాలని కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చి, కంటికి రెప్పలా పెంచుకున్న నా పాదును మాడ్చేసింది తమ్ముడూ! గాలి లేనప్పుడు కొట్టొచ్చుగా?"

అతను గొంతు తగ్గించాడు. "గాలి ఉన్నప్పుడే కొట్టమని బావగారే బతిమాలారక్కా. రోజూ సొరకాయ తిని తిని నోరు చచ్చిపోయిందట."

ఆవిడ కోపం మింగి, నవ్వు బిగబట్టి ఇంటికొచ్చింది.

"ఏమన్నాడు?" భర్త పేపరు చాటు నుంచి అడిగాడు.

"తప్పయిందన్నాడు పాపం. ఈసారి తన పెరడంతా సొరపాదులే పెడతాడట. కాయలన్నీ మనకే!"

పేపరు జారిపోయింది. "వద్దనలేకపోయావా?"

"ఎలా అంటాను? మీకు సొరకాయంటే ఎంత ప్రాణమో అతనే చెప్పాడు."