ఏడో పిల్లర్

ఏడో పిల్లర్‌లోంచి తీసిన కాంక్రీటు ముక్క యంత్రంలో పెట్టీ పెట్టగానే బిస్కెట్టులా పుటుక్కుమంది.

"మిగతా పదకొండూ ఉక్కుముక్కల్లా ఉన్నాయన్నావుగా?" ఫోన్లో పెద్దసారు గొంతు పెరిగింది.

"అవునండీ. ఇదొక్కటే..."

"ఒక్కటి ఎందుకు పోయిందో తెలీకపోతే పన్నెండూ అనుమానమే. నాలుగింటికి కమిటీ. కారణం రుజువుతో చూపించు. లేదా గ్రంథాలయం కూల్చేయమని రాసెయ్."

ఇంజినీరమ్మ గడియారం చూసుకుని గ్రంథాలయానికి బయల్దేరింది. ఆర్నెల్లుగా ఆ భవనం జాతకం రాస్తోందామె. ఇటుక కాల్చిన బట్టీ మొదలు, ఎప్పుడో కూల్చాక శిథిలాలు మోసే లారీ దాకా, గాలిలోకి ఎంత కార్బన్ పోతుందని లెక్క. కూల్చి కొత్తది కడితే అయ్యేదాంట్లో మూడో వంతుతోనే పాతదాన్ని నిలబెట్టొచ్చని తేలింది. పైగా దాన్ని కట్టిన మేస్త్రీ స్వయానా నాన్నే.

ఆ నాన్న గ్రంథాలయంలోనే ఉన్నాడు. ఎప్పుడొచ్చినా కూర్చునే చోటే, ఏడో పిల్లర్‌కి వీపు ఆనించి పేపరు చదువుతున్నాడు.

"నాన్నా, నీ పిల్లర్ కొంప ముంచింది!"

"ఏడోదేనా?"

ఆమె ఠక్కున ఆగింది. "నీకెలా తెలుసు? నేను నంబరు చెప్పలేదే!"

నాన్న పేపరుని నాలుగు మడతలు పెట్టాడు. "అప్పుడు ఎండలు మండిపోయేవిలే..."

"ఎండ ఒక్క పిల్లర్ మీదే కాసిందా? కంట్రాక్టరు సిమెంటు నొక్కేశాడు, అంతేగా?"

"కళ్ళు పోతాయ్! ఖాళీ బస్తా కూడా దులిపి వేయించే మనిషాయన."

"మరెవరు? రెండున్నరైంది నాన్నా. నువ్వు నోరు విప్పకపోతే నీ చేతి పని నేలమట్టమే."

నాన్న నిట్టూర్చి లేచాడు. స్టోరు గదిలో, బీరువా అట్టడుగు నుంచి ఒక పాత పని రిజిస్టరు లాగి, దుమ్ము దులిపి, వెతక్కుండానే ఒక పేజీ తెరిచాడు.

'ఏడో పిల్లర్. కాంక్రీటు కలిపాక మేస్త్రీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. రెండు గంటలు ఆగి, బిగుసుకున్నదాంట్లో నీళ్ళు కొట్టి కూలీలే పోశారు. మిగిలినవన్నీ మేస్త్రీ దగ్గరుండి పోయించాడు.' కింద సూపర్‌వైజరు సంతకం.

ఆమె ఎగిరి గంతేసింది. పేజీ ఫొటో తీసి పెద్దసారుకి పంపింది. నిమిషంలో ఫోన్ మోగింది.

"భేష్! తప్పు ఒక్క పూటది, ఒక్క పిల్లర్‌ది. దాని చుట్టూ కొత్త తొడుగు పోయిస్తే సరి. కూల్చడం లేదని రాసెయ్."

ఫోన్ పెట్టేసి ఆమె నడుం మీద చేతులు వేసుకుంది. "భవనం గట్టెక్కింది. ఇక నీ పని చెప్తా! ఐదు నిమిషాలు ఆలస్యమైతే కూలీల్ని ఇంటికి తరిమేవాడివట. అలాంటివాడివి కలిపిన కాంక్రీటు గాలికొదిలేసి పరుగెత్తావా? నిన్ను పరుగెత్తించిన ఆ దోషి ఎవరో చెప్పు, వాళ్ళ పేరు కూడా రిపోర్టులో ఎక్కిస్తా!"

నాన్న ముసిముసిగా నవ్వి, పేజీ మూలనున్న తేదీ మీద వేలు పెట్టాడు.

"నెల ముందే ఊడిపడ్డావు. రాసుకో తల్లీ, దోషివి నువ్వే."